రష్యాలో యుద్ధకాలపు బతుకు: ఫోన్, డబ్బు, పుస్తకం, సినిమా – అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు రాయండి

గోదారిగట్టు (రాజమండ్రి)
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కూతురికి కజాన్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చింది. ఏజెంట్‌ని అడిగితే "అక్కడ యుద్ధమేమీ లేదండీ, అంతా నార్మల్" అంటాడు. టీవీ పెడితే రష్యా రేపో మాపో కూలిపోతుందన్నట్టు చెప్తున్నారు. రెండూ నమ్మబుద్ధి కావడం లేదు. అక్కడి మామూలు జనం ఎలా ఉన్నారు? ఫోన్లు, కార్డులు పనిచేస్తాయా? సినిమాలకు, నాటకాలకు వెళ్తున్నారా? యుద్ధం గురించి మాట్లాడుకుంటారా? ఫీజుల సంగతి వేరే థ్రెడ్‌లో అడుగుతాను, ఇక్కడ బతుకు గురించి చెప్పండి చాలు.

వోల్గాఅలలు (కజాన్, ఐదో ఏడు)
అన్నా, మీ ఏజెంట్ చెప్పింది సగం నిజం. నేను వచ్చింది 2021లో, అంటే యుద్ధానికి ముందు, తర్వాత రెండూ చూశాను. పైకి చూస్తే ఏమీ మారలేదు. మెట్రో నడుస్తుంది, కొత్త సంవత్సరానికి ఊరంతా దీపాలు పెడతారు, బౌమన్ వీధిలో జనం కిటకిట. కానీ 2024 డిసెంబర్ 21 పొద్దున ఇదే ఊళ్లో ఎత్తైన అపార్ట్‌మెంట్లను డ్రోన్లు వచ్చి ఢీకొన్నాయి. ఎవరూ చనిపోలేదు. ఫ్రంట్‌కి ఇంత దూరంలో ఉన్నాం కదా అనుకునేవాళ్లందరికీ ఆ రోజు దూరం తగ్గిపోయింది. ఎయిర్‌పోర్ట్ మూసేశారన్న మెసేజ్ ఇప్పుడు వర్షసూచన చదివినట్టు చదువుతాం.

మాకు రోజూ యుద్ధం కనపడేది మాత్రం ఫోన్లోనే. మొదట సిమ్ సంగతి. 2025 జనవరి నుంచి విదేశీయులకు సిమ్ కావాలంటే ఆపరేటర్ షాపుకి మనమే వెళ్లాలి. ముఖం, గొంతు బయోమెట్రిక్ ఇవ్వాలి, స్నిల్స్ అనే ఇన్సూరెన్స్ నంబర్ ఉండాలి, గోసుస్లుగి అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఖాతా ఉండాలి. ఫోన్ ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కీ ఉండే గుర్తింపు నంబర్) కూడా రాసుకుంటారు. ఆ సిమ్ ఆ ఫోన్‌లోనే పనిచేస్తుంది, తీసి ఫ్రెండ్ ఫోన్‌లో వేస్తే మూగబోతుంది. పాత సిమ్ ఉన్నవాళ్లం కూడా 2025 జులై 1లోగా ఇదంతా పూర్తి చేయాల్సి వచ్చింది. ఆ క్యూలో నేనూ నిలబడ్డాను, ఆ కథ ఇప్పుడొద్దులెండి.

ఇంకోటి ముఖ్యం. 2025 అక్టోబర్ 6 నుంచి బయటి దేశం సిమ్‌తో రష్యాలో దిగితే మొదటి 24 గంటలు మొబైల్ డేటా రాదు, ఎస్ఎంఎస్ రాదు. డ్రోన్లలో సిమ్‌లు పెట్టి నడుపుతున్నారని ఈ రూలు. అంటే మన బ్యాంకు ఓటీపీ రాదు, టాక్సీ యాప్ తెరుచుకోదు. పాపకి హాస్టల్ అడ్రస్ రష్యన్‌లో కాగితం మీద రాసి ఇవ్వండి, చేతిలో కొంచెం రూబుళ్లు పెట్టండి.

గోదారిగట్టు (రాజమండ్రి)
అమ్మా, చాలా థాంక్స్. ఓటీపీ రాదన్న సంగతి ఏజెంట్ చెప్పనే లేదు. మరి వాట్సాప్ కాల్?

వోల్గాఅలలు (కజాన్)
2025 ఆగస్టు మధ్య నుంచి వాట్సాప్, టెలిగ్రామ్ కాల్స్‌ని నొక్కేశారు. మోసగాళ్లు వాడుతున్నారని కారణం చెప్పారు. రింగ్ అయ్యేది, ఎత్తితే గొంతు వచ్చేది కాదు. మా అమ్మతో గూగుల్ మీట్‌లో నెట్టుకొస్తున్నాను. అదెన్నాళ్లో తెలీదు.

ప్యాకెట్‌పురాణం (హైదరాబాద్)
నెట్‌వర్క్ ఫీల్డ్‌లో ఉన్నాను కాబట్టి వెనకాల ఏం జరుగుతోందో కాస్త చెప్తాను. ఇదంతా యుద్ధంతో మొదలవ్వలేదు. 2018లో టెలిగ్రామ్‌ని బ్లాక్ చేయబోయి అమెజాన్, గూగుల్ ఐపీ అడ్రస్‌లు లక్షల కొద్దీ మూసేశారు. సంబంధం లేని షాపులూ బ్యాంకులూ పడిపోయాయి గానీ టెలిగ్రామ్ హాయిగా నడిచింది. 2020లో పరువు పోకుండా నిషేధం ఎత్తేశారు. ఆ దెబ్బతో పద్ధతి మార్చారు. 2019 చట్టం ప్రకారం ప్రతి ఆపరేటర్ దగ్గరా టీఎస్‌పీయూ అనే పెట్టెలు పెట్టారు. నెట్‌లో పోయే ప్రతి ప్యాకెట్‌నీ, అంటే ప్రతి డేటా ముక్కనీ అవి తడిమి చూస్తాయి. వాటి కంట్రోల్ ఆపరేటర్ చేతిలో ఉండదు, రోస్కోమ్‌నద్జోర్ అనే నియంత్రణ సంస్థ చేతిలో ఉంటుంది. 2021 మార్చిలో మొదటిసారి పెద్ద ఎత్తున ట్విటర్ మీద వాడారు. ట్విటర్ షార్ట్ లింకు టీ డాట్ సీఓ కదా, ఆ అక్షరాలు పేరులో ఎక్కడ కనపడినా నొక్కేయమని రాశారు. మైక్రోసాఫ్ట్ డాట్ కామ్‌లో కూడా అవే అక్షరాలు వరసగా ఉన్నాయి, అదీ ఇరుక్కుంది. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి ఇది ఇప్పటికీ చెప్పి నవ్వుకుంటాం.

యుద్ధం మొదలయ్యాక ఆ పెట్టెలకి చేతినిండా పని దొరికింది. 2022 మార్చిలో ఫేస్‌బుక్, ట్విటర్, ఇన్‌స్టా. 2024 ఆగస్టులో సిగ్నల్, అక్టోబర్‌లో డిస్కార్డ్, డిసెంబర్‌లో వైబర్. 2025 డిసెంబర్‌లో రోబ్లాక్స్, ఫేస్‌టైమ్, స్నాప్‌చాట్. యూట్యూబ్‌ది వేరే కథ. దాన్ని బ్లాక్ చేశామని ఒప్పుకోలేదు. 2024 వేసవిలో నత్తనడక పట్టించి, గూగుల్ తన సర్వర్లకి మెయింటెనెన్స్ చేయడం లేదు, అందుకే పాతబడ్డాయి అన్నారు. వీడియో తిరుగుతూనే ఉంటే మనిషే విసుగెత్తి వాళ్ల సొంత సోషల్ నెట్‌వర్క్ వీకే నడిపే వీకే వీడియోకి పోతాడు. నిషేధం కన్నా ఇదే తెలివైన పని, నాకు భయం వేసేది కూడా ఇందుకే.

నిజంనిప్పు (విజయవాడ)
అందరూ ఏడుపే రాస్తున్నారు. పశ్చిమ దేశాలు అన్ని ఆంక్షలు పెట్టాయి, ఏమైంది? వీసా, మాస్టర్‌కార్డ్ పోతే వాళ్ల సొంత కార్డు పెట్టుకున్నారు. మెక్‌డొనాల్డ్స్ పోతే వాళ్ల పేరుతో వాళ్లే తెరిచారు. మనం కూడా అలాంటి ధైర్యం నేర్చుకోవాలి. వాట్సాప్ లేకపోతే చచ్చిపోతారా?

మందులమాస్టారు (మాస్కో)
నిజంనిప్పు గారూ, ఫార్మా ఉద్యోగం మీద ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాను. కార్డు సంగతిలో మీ మాట కొంత నిజమే. 2022 మార్చి 10న వీసా, మాస్టర్‌కార్డ్ వెళ్లిపోయిన రోజు నా రష్యన్ వీసా కార్డుతో మామూలుగానే పాలు కొన్నాను. ఎందుకంటే దేశం లోపలి లావాదేవీలన్నీ 2015 నుంచే వాళ్ల సొంత సిస్టమ్ గుండా పోతున్నాయి. మీర్ అనే వాళ్ల సొంత కార్డు కూడా ఆ ఏడాదే వచ్చింది. ఫోన్ నంబర్‌కి డబ్బు పంపే పద్ధతి 2019 నుంచి ఉంది, మన యూపీఐ లాగే. ముందుచూపు ఉందని ఒప్పుకోవాలి. అయితే అదే కార్డు టర్కీ ఎయిర్‌పోర్ట్‌లో ఒట్టి ప్లాస్టిక్ ముక్క. మన ఇండియా కార్డు ఇక్కడ అంతే.

ఆపిల్ పే, గూగుల్ పే పోయాక బ్యాంకులు చిన్న స్టిక్కర్లు ఇచ్చాయి. లోపల చిప్ ఉంటుంది, ఫోన్ వెనక అంటించుకుని మెషిన్‌కి తాకించాలి. కొత్త ఐఫోన్ కొన్నవాళ్లది ఇంకో తంటా. ఆంక్షలున్న బ్యాంకుల యాప్‌లు ఆపిల్ స్టోర్‌లో ఉండవు. అందుకని బ్యాంకులు ఏదో ఖర్చుల డైరీ యాపో, మరోటో అన్నట్టు వేరే పేరుతో పెడతాయి. సంగతి తెలిసి ఆపిల్ తీసేసేలోగా అందరూ ఎగబడి దించుకుంటారు. దొరకనివాళ్లు బ్యాంకు బ్రాంచికి వెళ్తే అక్కడి పిల్లలు కేబుల్ పెట్టి ఎక్కించి ఇస్తారు. లక్ష రూబుళ్ల ఫోన్ పట్టుకుని, బ్యాంకు యాప్ కోసం టోకెన్ తీసుకుని కూర్చున్న జనాన్ని నేను చూశాను.

2022 మేలో ప్రభుత్వం సమాంతర దిగుమతి జాబితా ఇచ్చాక, కంపెనీ అనుమతి లేకుండానే కజకిస్తాన్, టర్కీ, దుబాయ్ మీదుగా అన్నీ వస్తున్నాయి. వారంటీ మాత్రం దేవుడి దయ. 2022 వేసవిలో లాడా గ్రాంటా కార్లు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేకుండా అమ్మారు. ఇప్పుడు రోడ్డు మీద ఎటు చూసినా హవాల్, చెరీ, గీలీ, అన్నీ చైనావే. ఇది ధైర్యమో, ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోవడమో మీరే ఆలోచించండి.

ధరల గురించి కూడా వినండి. 2023 డిసెంబర్‌లో కోడిగుడ్ల ధర మీద ఒక పింఛనుదారు అడిగితే పుతిన్ టీవీలో క్షమాపణ చెప్పాడు. తర్వాతి ఏడాది వెన్న ధర పెరిగి, దొంగతనాలు జరుగుతున్నాయని కొన్ని షాపుల్లో వెన్న ముక్కల్ని ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి తాళం వేశారు. 2024 అక్టోబర్‌లో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 21 శాతానికి చేరింది. ఇల్లు కొనేవాడు ఏడుస్తాడు, ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసినవాడు నవ్వుతాడు. మా పక్కింటి ముసలావిడ రెండో రకం. 2026 జనవరి నుంచి వ్యాట్ 22 శాతం అయింది.

విన్నిట్సియాబ్యాచ్ (వరంగల్)
చదువుతుంటే కోపం ఆగలేదు, అందుకే రాస్తున్నాను. నేను ఉక్రెయిన్‌లో మూడో ఏడు చదువుతుండగా 2022 ఫిబ్రవరి 24 వచ్చింది. బంకర్ నుంచి రొమేనియా బోర్డర్ దాకా ఎలా వచ్చామో మాకే తెలుసు. ఖార్కివ్‌లో కర్ణాటక అబ్బాయి తినడానికి ఏమైనా కొనుక్కుందామని బయటికెళ్లి చనిపోయాడు. అక్కడి నా క్లాస్‌మేట్‌లు ఇప్పటికీ కరెంటు ఏ గంటకు వస్తుందో షెడ్యూల్ చూసుకుని అన్నం వండుకుంటున్నారు. మీరేమో వెన్నకి తాళం, ఐఫోన్‌కి యాప్ అని జాలిపడుతున్నారు. వాళ్ల ఫోన్ స్లో అయితే ఏంటి?

మోడరేటర్
అక్కా, మీ బాధలో న్యాయం ఉంది. ఈ థ్రెడ్ రష్యాలో జీవితం గురించి మాత్రమే. ఉక్రెయిన్ బ్యాచ్‌ల కోసం మరో థ్రెడ్ ఉంది, దాన్ని పైన పిన్ చేశాను. ఎవరూ ఒకరి బాధని ఇంకొకరి బాధతో తూకం వేయొద్దు. ఇంకో మాట, వీపీఎన్ (మూసేసిన సైట్లని తెరిపించే యాప్) పేర్లు ఇక్కడ రాయకండి. అక్కడ వీపీఎన్ ప్రచారం నిషేధం, మన పిల్లలు ఈ పేజీ తెరిచి చిక్కుల్లో పడతారు.

వోల్గాఅలలు (కజాన్)
అక్కా, మీరన్నది కరెక్టే. మా బ్యాచ్‌లోనే ఉక్రెయిన్ నుంచి వచ్చి చేరినవాళ్లు ఇద్దరున్నారు. డ్రోన్ సైరన్ వస్తే మేమంతా వీడియో తీస్తాం, వాళ్లు మాత్రం బాత్రూంలోకి వెళ్లి కూర్చుంటారు.

మందులమాస్టారు (మాస్కో)
జాలిపడమని రాయలేదమ్మా. మాస్కోలో కాఫీ షాపులు నిండి ఉంటాయి, నిజం. ఇక్కడివాళ్లకీ సరిహద్దు ఊళ్లవాళ్లకీ మధ్య కూడా ఓ గోడ ఉంది. బెల్గొరోద్‌లో బస్ స్టాపుల పక్కన కాంక్రీటు షెల్టర్లు పెట్టారు, పిల్లల క్లాసులు ఆన్‌లైన్‌లోకి వెళ్లాయి. 2024 ఆగస్టు 6న ఉక్రెయిన్ సైన్యం కుర్స్క్ ప్రాంతంలోకి వచ్చినప్పుడు లక్షమందికి పైగా ఇళ్లు వదిలారు. అక్కడి మెడికల్ యూనివర్సిటీలో మన పిల్లలూ ఉన్నారు. అదే వారం మాస్కోలో వేసవి పండగలు ఆగలేదు.

ప్యాకెట్‌పురాణం (హైదరాబాద్)
మొబైల్ ఇంటర్నెట్ మొత్తం ఆపేయడం గురించి ఎవరూ రాయలేదేం? 2025 మేలో విజయోత్సవ పరేడ్ దగ్గర మొదలై వేసవికల్లా చాలా ప్రాంతాలకి పాకింది.

వోల్గాఅలలు (కజాన్)
రాద్దామనే అనుకుంటున్నా. నెట్ పోయిన రోజు ఇంట్లో వైఫై ఉంటుంది, గడప దాటితే ఏమీ ఉండదు. చిన్న కొట్లలో కార్డు మెషిన్‌లో ఉండేది కూడా సిమ్మే కదా, అదీ ఆగిపోతుంది. తలుపు మీద "నగదు మాత్రమే" అని చేత్తో రాసిన కాగితం అంటిస్తారు. మా హాస్టల్ కింద పండ్లమ్మే ఉజ్బెక్ అంకుల్ అయితే నోట్‌బుక్‌లో మా పేర్లు రాసుకుని అప్పిస్తాడు. నా పేరు పలకడం రాక "ఇందియా, మూడో అంతస్తు" అని రాసుకున్నాడు.

2025 సెప్టెంబర్ నుంచి వైట్‌లిస్ట్ అని ఒకటి వచ్చింది. నెట్ ఆపినా కొన్ని మాత్రం తెరుచుకుంటాయి: గోసుస్లుగి, వీకే, సెర్చ్ సైటు యాండెక్స్, షాపింగ్ సైట్లు ఓజోన్, వైల్డ్‌బెరీస్, ఇంకా మాక్స్ మెసెంజర్. మాక్స్ అంటే వీకే కంపెనీ చేసిన కొత్త యాప్. సెప్టెంబర్ 1 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ముందే వేసి ఇవ్వాలి. మా హాస్టల్ వార్డెన్ గది తాళాల గొడవ నుంచి వేడినీళ్ల నోటీసు దాకా అన్నీ అందులోకి మార్చేసింది. వేసుకోకపోతే వేడినీళ్లు ఎప్పుడు ఆపుతారో తెలీదు, అందుకని వేసుకున్నాను. పాత ఫోన్ ఒకటి దానికోసం విడిగా పెట్టుకున్నవాళ్లు మా క్లాసులో చాలామంది.

ప్యాకెట్‌పురాణం (హైదరాబాద్)
వైట్‌లిస్ట్‌లో అసలు కిటుకు అక్కడుంది. ఇన్నాళ్లూ కొన్నిటిని మూసి మిగతావి తెరిచి ఉంచేవారు. ఇప్పుడు అన్నీ మూసి కొన్నిటిని తెరుస్తున్నారు. డ్రోన్ భయం నిజమే, కాదనను. కానీ డ్రోన్లు ఆగినా ఈ మీట ఆపరేటర్ల దగ్గర ఉండిపోతుంది.

నిజంనిప్పు (విజయవాడ)
మన దగ్గర కూడా గొడవలప్పుడు నెట్ ఆపుతారుగా, అప్పుడెవరూ మాట్లాడరే?

ప్యాకెట్‌పురాణం (హైదరాబాద్)
మాట్లాడతాం, ఇదే ఫోరంలో ఎన్నోసార్లు తిట్టుకున్నాం. వెతికి చూడండి.

పాతరాదుగ (తెనాలి)
నా వయసువాళ్లకి రష్యా అంటే విశాలాంధ్ర పుస్తకాల షాపు వాసన. ప్రగతి, రాదుగ వాళ్లు మాస్కోలో తెలుగులో అచ్చేసి పంపిన పుస్తకాలు, ఆ నున్నటి కాగితం, బొమ్మలు. రెండు రూపాయలకి అంత అందమైన పుస్తకం మళ్లీ చూడలేదు. ఉప్పల లక్ష్మణరావు గారు అక్కడే ఉండి అనువాదాలు చేశారు. అలాంటి చోట ఇప్పుడు పుస్తకం గతి ఏమిటా అని వాకబు చేస్తూ ఉంటాను.

2022లో కాగితానికే కరువొచ్చింది. తెల్లబరిచే రసాయనం బయటి నుంచి రావడం ఆగి, ఆఫీసుల్లో గోధుమరంగు కాగితం మీద ప్రింట్లు తీశారు. అది సర్దుకుంది. తర్వాతిదే సర్దుకోలేదు. యుద్ధాన్ని విమర్శించిన రచయితలు అకూనిన్, బీకొవ్‌ల పుస్తకాల్ని 2023 డిసెంబర్‌లో ప్రచురణకర్తలే అమ్మకం నుంచి తీసేశారు. అకూనిన్ డిటెక్టివ్ నవలలు అక్కడ ఇంటింటా ఉండేవి. విదేశంలో ఉన్న ఆయనకి 2025లో 14 ఏళ్ల శిక్ష వేశారు. నాటకాలు వేసే బెర్కొవిచ్, పెత్రీచుక్ అనే ఇద్దరమ్మాయిలకి 2024 జులైలో ఆరేసేళ్ల జైలు. ఇటలీ దర్శకుడు పసోలినీ జీవితచరిత్ర వేసినప్పుడు, స్వలింగ సంబంధాల ప్రచారాన్ని నిషేధించే చట్టానికి భయపడి పేజీలకి పేజీలు నల్లరంగు పూసి మరీ అమ్మారు. జనం ఆ నల్లపేజీల పుస్తకం కోసమే ఎగబడ్డారట. అదీ రష్యన్ పాఠకుడంటే!

మందులమాస్టారు (మాస్కో)
మాస్టారూ, సినిమా హాళ్ల సంగతి కూడా వినండి, నవ్వొస్తుంది. 2022 వసంతంలో హాలీవుడ్ స్టూడియోలు సినిమాలు పంపడం ఆపేశాయి. హాళ్లవాళ్లు ఏం చేశారంటే, పది నిమిషాల రష్యన్ షార్ట్ ఫిల్మ్‌కి టికెట్ అమ్ముతారు. దానికి ముందు "ఉచిత సేవ"గా రెండున్నర గంటల హాలీవుడ్ సినిమా వేస్తారు. ఎక్కడిది అని ఎవరూ అడగరు. ఆ ఖాళీలోనే మన పుష్ప మొదటి భాగం 2022 డిసెంబర్‌లో రష్యన్ డబ్బింగుతో వచ్చింది, అల్లు అర్జున్, రష్మిక మాస్కో, పీటర్స్‌బర్గ్ కూడా వచ్చారు. మా ఆఫీసులో రష్యన్ అమ్మాయి గడ్డం కింద చెయ్యి తిప్పి చూపించింది, నాకు నోట మాట రాలేదు.

గోదారిగట్టు (రాజమండ్రి)
చాలా తెలుసుకుంటున్నాను. కానీ నా చివరి ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. జనం యుద్ధం గురించి మాట్లాడుకుంటారా?

మందులమాస్టారు (మాస్కో)
వంటింట్లో మాట్లాడతారు, అదీ తెలిసినవాళ్లతోనే. 2022 మార్చి 4 నాటి చట్టం ప్రకారం సైన్యం గురించి "అబద్ధం" చెప్తే 15 ఏళ్ల దాకా జైలు. అబద్ధం ఏదో నిర్ణయించేది వాళ్లే. 2025 సెప్టెంబర్ నుంచి తీవ్రవాద జాబితాలో ఉన్నవాటిని కావాలని వెతికినా 3 నుంచి 5 వేల రూబుళ్ల జరిమానా. మెట్రోలో ముఖం చూపించి టికెట్ కొట్టే సదుపాయం 2021లో వచ్చింది, ఎంత సుఖమో అనుకున్నాం. తర్వాత అవే కెమెరాలతో నిరసనకారుల్ని గేటు దగ్గరే పట్టుకున్నారు.

పైకి ఎవరూ మాట్లాడకపోయినా గోడలు మాట్లాడతాయి. బస్ స్టాపులో సైన్యంలో చేరమని బోర్డు, కింద రూబుళ్లలో అంకె. 2024 జులైలో మాస్కో మేయర్ చేరిన వెంటనే 19 లక్షల రూబుళ్లు అన్నాడు. చిన్న ఊళ్లలో అది ఇల్లు కొనే డబ్బు. వెళ్లేది ఎక్కువ ఆ ఊళ్లవాళ్లే. మీడియాజోనా అనే స్వతంత్ర వార్తాసంస్థ, బీబీసీ రష్యన్ విభాగం కలిసి సంతాప ప్రకటనలు, సమాధులు చూసి పేరుపేరునా లెక్కపెట్టిన మృతులే లక్షన్నర దాటారు. మా ఆఫీసు డ్రైవర్ తమ్ముడు వాళ్లలో ఒకడు. సంతాపం చెప్పడానికి వెళ్తే వాళ్లమ్మ కొత్త వాషింగ్ మెషిన్ చూపించి, ఇది వాడు పంపిన డబ్బుతోనే కొన్నాం అంది.

స్కూళ్లలో సోమవారం పొద్దున మొదటి పీరియడ్ దేశభక్తి పాఠం, 2022 సెప్టెంబర్ నుంచి. మా అబ్బాయి క్లాసులో సగం మంది ఆ పీరియడ్‌లో హోంవర్క్ రాసుకుంటారు.

విన్నిట్సియాబ్యాచ్ (వరంగల్)
ఆ వాషింగ్ మెషిన్ సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

వోల్గాఅలలు (కజాన్)
జనం మాట్లాడుకునే టాపిక్ ఒకటుంది, మోసం కాల్స్. 2025 డిసెంబర్ అంతా దోలినా గోలే. లారిసా దోలినా పెద్ద గాయని, మన దగ్గర పాతతరం సుశీలమ్మ ఎంత తెలుసో అక్కడ ఆమె అంత తెలుసు. 2024లో ఆమెకి ఫోన్ చేసి సెక్యూరిటీ సర్వీస్ వాళ్లమని నమ్మించి మాస్కో ఫ్లాట్ అమ్మించి డబ్బు లాగేశారు. కింది కోర్టులు ఫ్లాట్ ఆమెకే ఇచ్చేశాయి. పాపం కొనుక్కున్నావిడకి ఇల్లూ లేదు, డబ్బూ లేదు. అప్పటినుంచి ముసలివాళ్ల దగ్గర ఇల్లు కొనాలంటే జనం జంకారు. మా టీచర్లు క్లాసులో యుద్ధం మాట ఎత్తరు గానీ దీని మీద గంటసేపు తిట్టుకున్నారు. డిసెంబర్ 16న సుప్రీంకోర్టు ఫ్లాట్ కొన్నావిడదే అంది. నాకైతే మిగతా కోపమంతా కూడా ఈ దారిలో బయటికొచ్చిందనిపించింది.

ప్యాకెట్‌పురాణం (హైదరాబాద్)
నేను చెప్పేది ఒక్కటి, అబ్బాయిల తల్లిదండ్రులు వినండి. 2025 డిసెంబర్‌లో పుతిన్ ఢిల్లీ వచ్చినప్పుడు కార్మికుల వలస మీద ఒప్పందం అయింది. ఆ అధికారిక దారిలో వెళ్లే ఉద్యోగాలు వేరు. "సెక్యూరిటీ హెల్పర్", "ఆర్మీ స్టోర్‌లో పని" అంటే మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి. అలా వెళ్లిన హైదరాబాద్ కుర్రాడు యుద్ధంలో చనిపోయాడని 2024 మార్చిలో మన ఎంబసీయే ప్రకటించింది. రష్యన్‌లో ఉన్న కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు.

గోదారిగట్టు (రాజమండ్రి)
అందరికీ కృతజ్ఞతలు. డబ్బు ఎలా తీసుకెళ్లాలి, ఏ మందులు పెట్టాలి, ఇవి రెండూ చెప్తే మా చెల్లెలికి టెన్షన్ తగ్గుతుంది.

మందులమాస్టారు (మాస్కో)
డబ్బు: మామూలుగా మన దేశం నుంచి ఒక ట్రిప్‌కి 3 వేల డాలర్లే నోట్లుగా తీసుకెళ్లనిస్తారు. రష్యాకి ఆ పరిమితి లేదు, ఆర్‌బీఐ రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. అధికారిక డీలర్ దగ్గర కొని రసీదు దగ్గర పెట్టుకోండి. 10 వేల డాలర్లు దాటితే ఇక్కడ కస్టమ్స్‌లో డిక్లరేషన్ రాయాలి. నోట్లు కొత్తవై ఉండాలి, మడతపడినవీ మరకపడినవీ బ్యాంకువాళ్లు తిప్పి తిప్పి చూసి వెనక్కిస్తారు. ఇక్కడికొచ్చాక మీర్ కార్డు తీసుకుంటే రోజువారీ ఖర్చులకి ఇబ్బంది ఉండదు.

మందులు: సంచినిండా తేనక్కర్లేదు. ఇక్కడి ఏ మందుల షాపులోనైనా నైజ్, ఒమేజ్, కెటొరోల్ దొరుకుతాయి, మూడూ మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్‌వే, రష్యన్ బామ్మలు పేరు పెట్టి అడిగి కొంటారు. ట్రమడోల్, కోడీన్ ఉన్న మాత్రలు, దగ్గు మందులు మాత్రం పెట్టెలో వేయొద్దు. కస్టమ్స్‌లో దొరికితే కేసు అవుతుంది, ప్రిస్క్రిప్షన్ ఇంగ్లిష్‌లో ఉందంటే వినరు. రోజూ వేసుకునే మందేదైనా ఉంటే డాక్టర్ చీటీకి నోటరీ చేసిన రష్యన్ అనువాదం జతచేసి చేతి సంచిలో పెట్టండి.